పథ్యానికి పాత బియ్యం

పాలమూరులో తిండి దొరకదని నేనెప్పుడూ అనలేదు. దొరికేది. దొరికినదాన్ని తినడమే నా వల్ల అయ్యేది కాదు.

ఇది అరవైల తొలి ఏళ్ళ సంగతి. నల్లగొండ జిల్లాలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, ఎలాగో మెట్రిక్ గట్టెక్కి, మహబూబ్‌నగర్‌లో ఒక దఫ్తరులో గుమాస్తాగా చేరాను. ఊళ్ళో అందరూ దాన్ని పాలమూరనే అనేవాళ్ళు. మహబూబ్‌నగర్ అన్న మాట సర్కారు కాగితాల మీదా, రైలు స్టేషన్ బోర్డు మీదా ఉండేది. నాకు ఉద్యోగం వచ్చిందని మా వాడకట్టంతా సంబరపడింది. అక్కడ నేనేం తింటానని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. నేనూ ఆలోచించలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో అన్నం దానంతట అదే పళ్ళెంలోకి వస్తుందనుకునేవాణ్ణి. ఇంట్లో అలాగే వచ్చేది మరి.

స్టేషనుకు పోయే దారిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. గదిలో ఒక గ్యాసునూనె స్టవ్వు, ఒక గిన్నె, రెండు గ్లాసులు, ఒక ముంత. నాకు చేతనైన వంట చాయ్ ఒక్కటే, అది కూడా వారంలో రెండు రోజులు పొంగి స్టవ్వు మీద పోయేది. కాబట్టి హోటళ్ళే గతి.

కోస్తా నుంచి వచ్చిన ఒకాయన భోజన హోటల్ పెట్టాడు. అన్నం ఎంతైనా వడ్డించేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పప్పులో కారం, పులుసులో కారం, చివరికి మజ్జిగలో కూడా పచ్చిమిరపకాయ. ఒకరోజు ‘ఇయ్యాల పుంటికూరనా?’ అని అడిగాను. ఆయన నవ్వి, ‘గోంగూర అనాలండీ’ అన్నాడు. ఆ కూర పేరు నాకు దిద్దినంత శ్రద్ధ దాన్ని ఇసుక పోయేలా కడగడంలో పెట్టి ఉంటే బాగుండేది. ఆ పూట ముద్ద ముద్దకూ పళ్ళ కింద కరకరలాడింది. ఇంకో వీధిలో ఉడిపి హోటల్. అక్కడ సాంబారు తియ్యగా ఉండేది. తియ్యటి పులుసు తినే మనుషులు లోకంలో ఉంటారని నాకు అంతకు ముందు తెలియదు. మూడోది స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్. చాయ్ బ్రహ్మాండం. కానీ మూడు పూటలా చాయ్ తాగి బతికే మనిషిని కాను నేను. ఈ మూడింటి మధ్యే ఎనిమిది నెలలు తిరిగి చొక్కా వదులయ్యేంత చిక్కిపోయాను.

సరే, దుకాణాల్లోనైనా సుఖముందా అంటే అక్కడ ఇంకో పీడ. ఏది అడగండి, ఇవ్వక ముందు ‘ఎవలికి?’ అనేవాళ్ళు. నిమ్మకాయలు కావాలంటే ఎవలికి? బెల్లం కావాలంటే ఎవలికి? అటుకులు కావాలంటే ఎవలికి? మా ఊళ్ళో అడిగేవాళ్ళు కాదు. అడిగే అవసరం ఉండేది కాదు, ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ ముందే తెలుసు. ఈ ఊరివాళ్ళకు మాత్రం నా ఇంటి గుట్టు తెలుసుకుంటే తప్ప చేయి తక్కెడ మీదికి పోదనుకున్నాను. ఒళ్ళు మండేది. ‘నాకే’ అని ముక్తసరిగా చెప్పేవాణ్ణి. వాళ్ళు ఓహో అని చేతికి అందింది పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. నిమ్మకాయలు ఎండిపోయి ఉండేవి. బెల్లంలో గడ్డిపరకలు. అటుకులు ముక్కవాసన. దిక్కుమాలిన ఊరు, ఒక్క మంచి సరుకు దొరకదు అని ఇంటికి ఉత్తరాలు రాసేవాణ్ణి.

ఆ ఉత్తరాలు చదివించుకునే కాబోలు, వానలు మొదలయ్యే ముందు ఒకరోజు బాపు దిగాడు. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా రెండు బస్సులు మారి వచ్చాడు. చంకలో మూట. మూటలో అమ్మ పంపిన మామిడికాయ తొక్కు, నాకు ఒక కొత్త ధోవతి. ధోవతి తను నేసిందే. అమ్మ రాలేకపోయింది. అక్క పురిటికి వచ్చి ఉంది. 

‘కొడుకు యాడ గూసుండి రాస్తడో ఒక్కపారి సూసి పోదామని వచ్చిన’ అన్నాడు బాపు. దఫ్తరుకు తీసుకుపోయి నా కుర్చీ చూపించాను. కుర్చీని చేత్తో తట్టి చూసి, ‘కాలు జర ఊగుతున్నది’ అన్నాడు. అంతే ఆయన మెచ్చుకోలు.

నాలుగో రోజు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమనుకున్నాం. వారం తర్వాత దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. మొత్తం మీద మూడు వారాలు. పొద్దున దవాఖాన, పగలు దఫ్తరు, సాయంత్రం మళ్ళీ దవాఖాన. ఒకానొక రోజు బాపు నన్ను గుర్తుపట్టలేదు. మగ్గం ముందు కూర్చున్నట్టే, పేకకు నూలు చుట్టమని ఎవరినో పిలిచాడు. ఆ రోజు గురించి ఎక్కువ రాయలేను.

చివరికి జ్వరం దిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ‘పేగులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. రెండు మూడు రోజులు పలుచటి గంజి ఇవ్వండి. తర్వాత పాత బియ్యంతో మెత్తటి అన్నం. కారం, పులుపు దగ్గరికి రానివ్వద్దు. కానీ తినాలి. జ్వరాన్ని గెలిచి, తినక చనిపోయినవాళ్ళను చూశాను నేను’ అంది.

ఆ చివరి మాట నా మనసులో నాటుకుపోయింది. బండి కట్టించుకుని బాపును గదికి తెచ్చి, మంచం మీద పడుకోబెట్టి, గంజి సంగతి చెప్పాను.

‘గంజి నాకు పడది’ అన్నాడు బాపు, గోడ వైపు తిరిగి.

‘డాక్టరమ్మ చెప్పింది బాపూ.’

‘ఆమెకేం ఎరుక? గంజి పడుగుకు పెట్టేది. మనిషికి గాదు.’

బాపుకు గంజి పడదన్నది మా ఇంట్లో కొత్త సంగతి కాదు. అవ్వకు వంకాయ పడదు, బాపుకు గంజి పడదు. ఈ రెండూ పుట్టినప్పటి నుంచి వింటున్నవే. నా చిన్నతనంలో ఒక ఏడు నూలు రాక మా వాడకట్టులో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పడుగు పోగులకు గంజి పెట్టడానికని దాచిన జొన్నపిండిని అమ్మ కాచి మాకు పోసేది. మేం పిల్లలం ముంతలు నాకి నాకి తాగాం. అప్పుడు కూడా బాపు ముట్టలేదు. ‘నాకు పడది, పోరగాండ్లకు పొయ్యి’ అని చెప్పి అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. అంత గడ్డుకాలంలోనే ముట్టని మొండి మనిషి, ఇప్పుడు పట్నంలో మంచం మీద పడుకుని ముడతాడా? అందుకని నేను వాదించలేదు. గంజి కాక ఇంకేదైనా దొరుకుతుందేమోనని బయలుదేరాను.

ఇంటి యజమానురాలు ఉంటే కాళ్ళు పట్టుకునైనా నాలుగు మెతుకులు వండించుకునేవాణ్ణి. సరిగ్గా అదే సమయానికి ఆ దంపతులు మొక్కు తీర్చుకోవడానికి ఆలంపూర్ పోయారు. నా అదృష్టం అలా ఉండేది.

మొదట భోజన హోటల్‌కు పోయాను. జ్వరం మనిషికి కారం లేని చారు కావాలన్నాను. హోటలాయన నా వైపు జాలిగా చూశాడు.

‘కారం లేకపోతే అది చారెందుకవుతుందండీ? వేణ్ణీళ్ళవుతుంది.’

‘వేణ్ణీళ్ళే ఇయ్యండి. కానీ చారు వేణ్ణీళ్ళు ఇయ్యండి’ అన్నాను. నా కోపం నాకే అర్థం కాకుండా ఉంది. ఆయన లోపలికి పోయి ఒక గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చాడు. ఆవాలు, అల్లం, పచ్చిమిరపకాయలు అన్నీ వేసి, మంచి మనసుతోనే. బాపు గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని ‘పులిసింది’ అని కింద పెట్టేశాడు.

సాయంత్రం ఉడిపి హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చాను, చట్నీ లేకుండా. బాపు ఒక ఇడ్లీ చేతిలోకి తీసుకుని వేలితో ఒత్తి చూశాడు. ‘మంచి నూలు లెక్క తెల్లగున్నది’ అని మెచ్చుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. సగం కొరికి నమిలాడు, నమిలాడు, నమిలాడు. గొంతు దిగలేదు. నీళ్ళు తాగి మిగతా సగం నా చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున చాయ్ హోటల్ నుంచి డబల్ రొట్టె తెచ్చి వేడి పాలలో నానబెట్టాను. ‘గాలి తినుమంటవా?’ అన్నాడు. నా మొహం చూసి రెండు ముక్కలు మింగాడు. కాసేపటికి ఆ రెండు ముక్కలూ, వాటితోపాటు పాలూ బయటికి వచ్చేశాయి. 

ఆ మధ్యాహ్నం బాపు నీళ్ళ గ్లాసు అందుకోబోయాడు. పగలంతా మగ్గం మీద నాడెను పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే చేయి అది. గ్లాసు ఆ చేతిలో నిలవడం లేదు. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నాకు కోపం వస్తుంది, అది పుట్టుకతో వచ్చిన గుణం. 

‘మరి ఏం తింటవో నువ్వే చెప్పు!’ అని అరిచాను. జబ్బు మనిషి మీద.

బాపు కళ్ళు మూసుకునే అన్నాడు: ‘పాత బియ్యం మెత్తటి బువ్వ... లేత బీరకాయ కూర... గదైతే రెండు ముద్దలు పోతదేమో.’

అమ్మ ప్రతి జ్వరం తర్వాతా మాకు పెట్టే పథ్యం అదే. డాక్టరమ్మ కూడా పాత బియ్యమనే చెప్పింది, నాకెందుకు తట్టలేదో! కూర వండడం రాదన్న సంగతి తర్వాత చూసుకోవచ్చని సంచీ తీసుకుని ఉరికాను.

కూరగాయలమ్మే ముసలామె గంప ముందు ఆగి బీరకాయలు అడిగాను. 

‘ఎవలికి బిడ్డా?’ అంది.

‘ఎవలికైతే నీకెందుకవ్వా? రెండు కాయలియ్యి.’

ఆమె మూతి ముడుచుకుని పైన ఉన్న రెండు కాయలు తీసి సంచీలో పడేసింది. అక్కడి నుంచి బియ్యం దుకాణం. పాత బియ్యం కావాలన్నాను. ‘ఎవలికి సార్?’ అన్నాడు దుకాణదారు. ‘మనుషులకు’ అన్నాను. ఆయన ముందున్న బస్తాలోంచి కొలిచి పోశాడు. ‘పాతయేనా?’ అని రెట్టించి అడిగితే, ‘పోయిన శనివారం దిగినయి సార్’ అన్నాడు. ఆయన దృష్టిలో శనివారం పాతే.

గదికి వచ్చి విజయం సాధించినవాడిలా సంచీ బాపు ముందు పెట్టాను. ఆయన ఒక బియ్యపు గింజ పంటి కింద పెట్టుకున్నాడు. పాత గింజ అయితే టక్కుమని విరగాలి. ఇది మెత్తగా నలిగింది.

‘కొత్తయి’ అన్నాడు. తర్వాత బీరకాయను గోటితో గీకి చూసి, ‘గిది ఒళ్ళు రుద్దుకునేటందుకు మంచిగుంటది’ అన్నాడు.

ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. ఆ రోజు సంచీ విసిరికొట్టాలనిపించింది. మళ్ళీ పోయాను. రెండో దుకాణం. ‘ఎవలికి?’ ‘నాకే.’ మళ్ళీ బియ్యం, మళ్ళీ గింజ పంటి కింద, మళ్ళీ ‘కొత్తయి.’ ఈసారి వాటిలో రాళ్ళు కూడా ఉన్నాయి, పన్ను కలుక్కుమని బాపు మొహం చిట్లించాడు. నా తలప్రాణం తోకకొచ్చింది. దఫ్తరుకు సెలవు చీటీ పంపి మూడో రోజు పొద్దున్నే మళ్ళీ బజార్ల మీద పడ్డాను. నాకూ ముందురోజు నుంచి చాయ్ తప్ప ఏమీ లేదు. బాపు తినకుండా పడుకుంటే నేను హోటల్లో కూర్చుని అన్నం కలుపుకోలేకపోయాను. అది ప్రేమ అని అప్పుడు అనుకోలేదు. చిరాకు వల్ల ఆకలి చచ్చిందనుకున్నాను.

అంగడి జరిగే జాగా పక్కన ఒక చిన్న దుకాణం ఉంది. ముందు వసారాలో నలుగురు నిలబడి ఉన్నారు. తక్కెడ దగ్గర ఒక పెద్దాయన. నా వంతు వచ్చింది.

‘పాత బియ్యం ఉన్నయా?’

‘ఉన్నయ్. ఎవలికి?’

అంతే. మూడు రోజుల నుంచి, కాదు, ఎనిమిది నెలల నుంచి కూడబెట్టిన కోపమంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది.

‘ఎవలికైతే నీకేంది? గీ ఊర్ల తవ్వెడు బియ్యం గావాల్నంటే ఇంట్ల ముచ్చటంత జెప్పాల్నా? మా బాపుకు! మూడు వారాలు జ్వరంల పడి లేసిండు. మూడు దినాల సంది కడుపుల మెతుకు లేదు. తినకపోతే బతకడని డాక్టరమ్మ జెప్పింది. పథ్యానికి! పాత బియ్యం పథ్యానికి! సాలునా? ఇంకేమన్న అడుగుతవా?’

వసారాలో అందరూ నా వైపు చూశారు. పక్కనే ఉన్న ఒక ఆమె తన సంచీ తీసుకుని వెనక్కి జరిగి నాకు దారి ఇచ్చింది. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. దుకాణం నుంచి గెంటేస్తారనుకున్నాను.

పెద్దాయన తక్కెడ కింద పెట్టాడు. ‘పథ్యానికని ముందుగాల జెప్పొద్దానయ్యా?’ అన్నాడు. తిట్టినట్టే అన్నాడు. ‘పాత బియ్యమంటే సాలదు గద. ఎవలు తింటరో ఎరుకైతేనే గద ఏ బియ్యం ఇయ్యాల్నో తెలిసేది. వయసు పోరగాడు తినేదానికి బస్తాలయి సాలు. బాలింతకైతే ఒకటి, సుట్టాలొస్తే ఒకటి. పథ్యానికైతే ఇవేవి పనికిరావు.’ 

అని లేచి లోపలికి, తన ఇంట్లోకి పోయాడు. అడ్డగోడ అవతల కుండలు కదిలిన చప్పుడు. కాసేపటికి చిన్న గుడ్డమూటతో వచ్చాడు. ‘ఇవి మా ఇంట్లకు పెట్టుకున్నయి. మూడేండ్లయి’ అన్నాడు. బియ్యం రంగు మారి కొద్దిగా పసుపు తిరిగి ఉన్నాయి. నేను ఒక గింజ నోట్లో వేసుకున్నాను. టక్కుమంది.

గోడ అవతలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ‘ఒక్కసారే బువ్వ పెట్టకుమను! జర ఇసిరి, మొదలు గంజి కాసి తాపుమను. కూర రేపు సూస్కోవచ్చు.’

‘మా బాపుకు గంజి పడదమ్మా’ అన్నాను.

‘ఎప్పటి సంది?’ అంది ఆమె.

ఈ ఊళ్ళో ప్రశ్నలకు అంతు లేదనుకున్నాను. కానీ ఈసారి కోపం రాలేదు. ‘మొదటి సంది గంతే’ అని గొణిగి మూట తీసుకుని బయటపడ్డాను.

దారిలో ఆ కూరగాయల ముసలామె కనిపించింది. ఆమె నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను పోయి గంప ముందు కూర్చుని, ‘అవ్వా, మా బాపుకు పథ్యం పెట్టాలె. బీరకాయ గావాలె’ అన్నాను. ఆమె పైకాయలన్నీ పక్కకు తోసి, గంప అడుగున తడిగుడ్డ కింద చేయి పెట్టి, జానెడు పొడవున్న లేత కాయ ఒకటి తీసింది. ‘నిన్న ఏం రోగం, గీ మాట జెప్పనీకె?’ అంది. అనాల్సిన మాటే అంది. ఎనిమిది నెలలుగా ఊరంతా అడుగుతూనే ఉంది, ఎవలికి అని. నేను నాకే, నాకే అంటూ వచ్చాను. ఒంటిగాడికి, రాళ్ళు తిన్నా అరిగే వయసువాడికి ఏ సరుకు ఇస్తారో అదే నాకు ఇచ్చారు. నా ఉత్తరాల్లో ఊరిని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఇంటి యజమానుల పెరట్లో ఇసుర్రాయి ఉంది. బియ్యంలో సగం దాని మీద వేసి తిప్పాను. నూక కన్నా చేతికి బొబ్బలే ఎక్కువ వచ్చాయి. స్టవ్వు వెలిగించి నీళ్ళు పెట్టి నూక పోశాను. మంచం మీద నుంచి బాపు అంతా చూస్తూనే ఉన్నాడు. గంజి కాస్తున్నానని నేను చెప్పలేదు. ఆయనకు చెప్పాలా?

‘కలుపు’ అన్నాడు. ‘గంజి మీదికెల్లి చెయ్యి తియ్యొద్దు. పడుగుకు కాసేటప్పుడు ఇడిచిపెట్టి పోతమా?’

‘ఇది గంజి కాదు బాపూ. జావ.’

‘ఏదైతే గదే. కలుపు.’

కలిపాను. అయినా ఒకసారి పొంగి స్టవ్వు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించేలోపు అడుగంటింది. పైది జాగ్రత్తగా ఇంకో గిన్నెలోకి ఒంచితే చివరికి ఒక ముంత నిండా కూడా రాలేదు. ఇంత చేసి ఇంతేనా అని ఏడుపొచ్చింది. ముంత తీసుకుపోయి బాపు ముందు పెట్టాను. ఆయన లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముంతలో వేలు ముంచి, బొటనవేలితో కలిపి రుద్ది, రెండు వేళ్ళు దూరంగా లాగి తీగ సాగుతుందా లేదా అని చూశాడు. పోగుకు పెట్టే గంజిని అలాగే చూస్తారు మా వాళ్ళు.

‘పల్చగున్నది. గీ గంజికి పోగు నిలువది’ అన్నాడు.

‘ఇది పోగుకు కాదు బాపూ. నీకు.’

‘జెప్పిన గద. నాకు పడది.’ ముంత నా వైపు జరిపాడు. అప్పుడు నా మొహం పరీక్షగా చూశాడు. ‘నువ్వు తిన్నవా?’

‘తిన్న.’

‘ఏం తిన్నవ్? ఎప్పుడు తిన్నవ్? నిన్నటి సంది సూస్తున్న. నువ్వు తాగు.’

వాదించే ఓపిక నాకు లేదు. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగి, అందరితో తిట్లు తిని, తెచ్చి కాచింది ఇంత. ఉన్నదంతా ఆయన కడుపులోకి పోవాలి. ముంత మళ్ళీ ఆయన వైపు తోసి విసుగ్గా అనేశాను:

‘నువ్వు తాగు బాపూ. నాకు గంజి పడది.’

మాట నోట్లోంచి వచ్చేసింది. నేను ఆలోచించి అన్నది కాదు. చిన్నప్పుడు ముంత నాకి నాకి తాగినవాణ్ణి నేను. అది నాకు తెలుసు, బాపుకు తెలుసు. 

బాపు నన్ను చూశాడు. మూడు వారాల జ్వరంలో లోపలికి పోయిన కళ్ళు. 

‘ఎప్పటి సంది?’ అన్నాడు.

నూలు రాని ఆ ఏడు మా ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. పొయ్యి మీద ఒకటే కుండ. దాని చుట్టూ మేం నలుగురు పిల్లలం, అవ్వ. అమ్మ చివర్లో కుండ కడిగిన నీళ్ళు తాగేది. అరుగు మీద అటు తిరిగి కూర్చున్న బాపు వీపు. ఆ వీపును మొండితనం అనుకుని పెరిగాను. మొన్న దవాఖాన నుంచి వచ్చిన రోజు కూడా అలాగే అనుకున్నాను.

‘నీకెప్పటి సంది బాపూ?’ అని అడిగాను.

బాపు నా చాయ్ గ్లాసు ఇమ్మని చేయి చాచాడు. ముంతలోంచి సగం గ్లాసులోకి వంచాడు. ఒక్క చుక్క కింద పోలేదు. గ్లాసు నాకిచ్చి, ముంత తను రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను తాగడం మొదలుపెట్టేదాకా చూసి, తర్వాత తను ఎత్తి తాగాడు. ఆపకుండా, చివరిదాకా తాగి, ముంత అడుగున మిగిలింది వేలితో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు.

‘ఉప్పు తక్కువైంది’ అన్నాడు. ‘రేపు జర ఎక్కువ కాయి.’